హైదరాబాద్ నేల కింది పాత గొట్టాలు

హైదరాబాద్ మురుగునీటి వ్యవస్థకు మూలం 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. వేలమందిని పొట్టనపెట్టుకున్న ఆ ఉపద్రవం తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపాలని, నగరానికి భూగర్భ డ్రైనేజీ వేయాలని ఆయన సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆనాటి డ్రైనేజీ కొన్ని లక్షల జనాభాకు తగ్గట్టు వేసింది. ఇప్పుడు నగరంలో కోటిమంది దాకా ఉన్నారు.

అసలు చిక్కు వాననీటితోనే. ఒకప్పుడు చెరువు నిండితే అలుగు దూకిన నీరు నాలా గుండా కింది చెరువుకు చేరేది. ఆ గొలుసుకట్టు చాలాచోట్ల తెగిపోయింది. నాలాలను ఆనుకుని, కొన్నిచోట్ల వాటిమీదే ఇళ్లు లేచాయి. నేల ఇంకించుకునే చోటల్లా కాంక్రీటు పరిచారు. దారి దొరకని వాన మురుగు గొట్టాల్లోకి చొరబడుతుంది. అవి తట్టుకోలేక మ్యాన్‌హోల్ మూత లేచిపోయి, నల్లటి నీరు గడపలోకి వస్తుంది. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో కొన్ని కాలనీలు రోజుల తరబడి నీళ్లలోనే మగ్గాయి. పేదలకు అది ఇంటిసామానంతా పోగొట్టుకోవడమే.

నాలాలను వెడల్పు చేయడం ఎంత అవసరమో, తెగిన చెరువులను కలపడమూ అంతే అవసరం. పూడికతీత వేసవిలోనే ముగియాలి. నాలాల్లో చెత్త వేయడం నగరవాసులు మానుకోవాలి.