దేవకన్యలకో చిట్టిల్లు!

రెండు రాళ్లే గోడలు. ఊడిపడిన చెట్టు బెరడే పైకప్పు. లోపల ఎండుటాకుల పరుపు, గుమ్మం ముందు గులకరాళ్ల బాట. జానెడు ఇల్లే అయినా వసతులకు లోటు లేదు. ఇంతకీ ఇందులో ఎవరుంటారనుకుంటున్నారా? ఫెయిరీలు... అదేనండీ, కథల్లోని రెక్కల చిట్టి దేవకన్యలు!

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరానికి సుమారు పది మైళ్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో మోన్‌హెగన్ అనే బుల్లి దీవి ఉంది. పొడవు రెండు మైళ్లలోపే. అక్కడి 'కెథడ్రల్ వుడ్స్' అడవిలో నడుస్తుంటే స్ప్రూస్ చెట్ల మొదళ్లలో ఇలాంటి ఇళ్లు కనిపిస్తుంటాయి. పడవెక్కి వచ్చే పిల్లలూ పెద్దలూ కట్టి వెళ్లినవే అవన్నీ. 2001లో ట్రేసీ కేన్ 'ఫెయిరీ హౌసెస్' పేరుతో పిల్లల బొమ్మల పుస్తకం తెచ్చాక ఈ సరదా ఇళ్ల పెరళ్లలోకీ పాకింది.

అయితే సరదా ముదిరితే అడవికే చేటు. మెత్తగా ఉంది కదాని పచ్చటి నాచును పెరికి తివాచీలా పరిస్తే, అది మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. బెరడు ఒలిస్తే చెట్టుకు గాయం. ప్లాస్టిక్ పూసలేమో మట్టిలో కలవవు. ఈ దీవి అడవిని కాపాడేందుకు 1954లోనే 'మోన్‌హెగన్ అసోసియేట్స్' సంస్థ ఏర్పడింది. దానికి ఆద్యుడు ఎవరో కాదు, బల్బుతో వెలుగులు పంచిన థామస్ ఎడిసన్ కొడుకు థియోడోర్. అందుకే ఈ ఇళ్లకు ఒక్కటే కట్టుబాటు... రాలినవే ఏరుకోవాలి, బతికున్నదాన్ని తుంచకూడదు!

ఇసుకలో పాదం పెట్టి పిచ్చుక గూళ్లు కట్టిన మనకు ఇదేమంత కొత్త విద్య కాదు. సెలవురోజు పిల్లలతో పెరట్లోకి నడవండి. నీళ్లు నిలవని చోట, చెట్టు మొదలు చూసుకోండి. రాళ్లూ ఎండుటాకులూ తీసేముందు పుల్లతో కదపడం మరవొద్దు, తేళ్లూ జెర్రులూ ఉండొచ్చు. ఎండుపుల్లలు నాలుగు మూలలా గుచ్చి అరటినారతో కట్టండి. వాటిమీద అడ్డంగా చీపురుపుల్లలు పేర్చి, ఎండిన బాదం ఆకులు కప్పండి. గోడలకు బంకమట్టి మెత్తితే సరి. కొబ్బరిచిప్ప నీళ్లతొట్టి అవుతుంది, కుంకుడుగింజలు వరసగా పేరిస్తే బాట సిద్ధం. జిగురూ మేకులూ అక్కర్లేదు. తలుపు ఎటుండాలో మాత్రం పిల్లల్నే తేల్చుకోనివ్వండి.

గట్టి వాన కురిస్తే ఇల్లు కూలిపోతుంది. పిల్లలు బిక్కమొహం వేస్తారు కూడా. కానీ అక్కడ మిగిలేది చెత్త కాదు, చెట్టుకు ఎరువు. మళ్లీ కట్టుకోవడానికి కావలసినవన్నీ ఆ చెట్టే రాల్చి ఇస్తుంది. ఇక, దేవకన్య వచ్చినా రాకపోయినా... చీమలూ గొల్లభామలూ మాత్రం అద్దె కట్టకుండానే కాపురం పెట్టేస్తాయి!