గొర్రె పెంటికలు చూడకుండా నట్టల మందు వేయొద్దు



పోయిన వానాకాలం తొమ్మిది రోజుల్లో నా మందలో నాలుగు పిల్లలు పోయాయి. ఎమ్మిగనూరు సంతలో కొన్న పిల్లలు అవి. ముందు మందలో వెనకబడ్డాయి. తర్వాత దవడ కింద నీరు దిగింది. కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సింది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నట్టలే అని నాకు అర్థమైంది. కానీ రసాయన మందు ముట్టనని పట్టుబట్టి వేపాకు, వాము, వెల్లుల్లి కషాయం తాగించాను. తాగించాం కదా, తగ్గుతుందిలే అనుకున్నా.

నాలుగో పిల్ల చనిపోయినప్పుడు డాక్టర్ గారు కోసి, నాలుగో పొట్ట తెరిచి చూపించారు. సన్నటి పురుగులు కుప్పలుగా ఉన్నాయి. ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనినట్టు ఉంది ఒక్కొక్కటి. పేరు హీమాంకస్. ఎరుపు మన గొర్రె రక్తం, తెలుపు దాని గుడ్ల సంచి. ఆడ పురుగు రెండు మూడు సెంటీమీటర్లే ఉంటుంది, కానీ రోజుకు 5 వేల నుంచి 10 వేల గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లన్నీ పెంటికల్లోనే బయటికొస్తాయి. అంటే జీవం చచ్చేదాకా ఆగి కోసి చూడక్కర్లేదు, ముందే పెంటికల్లో చూడొచ్చు. ఆ వారమే ఒక పాత మైక్రోస్కోప్ కొన్నాను.

పెంటికలు ఎట్లా తీయాలి

నేల మీద పడినవి ఏరొద్దు. మట్టిలో బతికే నెమటోడ్లు గంటల్లోనే వాటిలో చేరతాయి. అవి మన నేలకు మిత్రులే, కానీ మైక్రోస్కోప్ కింద నట్టల పిల్లల్లాగే మెలికలు తిరుగుతాయి. డిప్లొమాలో టమాటా వేరుముడి నెమటోడ్లను చూసిన నేనే మొదట్లో మోసపోయా. గ్లౌజు వేసుకుని నేరుగా గొర్రె నుంచే తీయాలి. అదే రోజు చూడాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట వేడికి ఒక్క రోజులోనే గుడ్డు పొదిగిపోతుంది.

ఉప్పు నీళ్ల పద్ధతి

నీళ్లలో ఉప్పు ఇంక కరగనంత వరకు కలపండి. లీటరుకు సుమారు 360 గ్రాములు పడుతుంది. 2 గ్రాముల పెంటికలు 28 మిల్లీలీటర్ల ఉప్పు నీళ్లలో బాగా నలిపి, టీ జల్లెడతో వడగట్టాలి. గుడ్లు ఈ నీళ్లకన్నా తేలిక, పైకి తేలతాయి. లెక్క కోసం మెక్‌మాస్టర్ స్లైడ్ వాడాలి. దానికి గీతలు గీసిన రెండు గదులుంటాయి, ఒక్కోటి 0.15 మిల్లీలీటర్లు. నింపి ఐదు నిమిషాలు ఆగి, 10 ఆబ్జెక్టివ్‌తో చూడండి. రెండు గదుల్లో గీతల లోపలున్న గుడ్లన్నీ కూడి 50తో గుణిస్తే, గ్రాము పెంటికల్లో ఎన్ని గుడ్లున్నాయో వస్తుంది. ఆస్ట్రేలియాలో గొర్రెల కోసమే 1939లో తెచ్చిన పద్ధతి ఇది. కింది వీడియోలో మొత్తం చేసి చూపించాను.

ఏది ఏ గుడ్డు

- గుండ్రటి నట్టలు: కోడిగుడ్డు ఆకారం, పలచటి పెంకు, లోపల ద్రాక్షగుత్తి లాంటి కణాలు. పొడవు 70–90 మైక్రాన్లు. హీమాంకస్ గుడ్డు కూడా ఇట్లాగే ఉంటుంది. దాని చుట్టాలవీ ఇంతే, గుడ్డు చూసి విడదీయలేం. లెక్క ఎక్కువుండి కంటి రెప్ప కూడా తెల్లబడితే హీమాంకస్‌ను అనుమానించాలి.
- బద్దె పురుగు: మూడు నాలుగు మూలలున్న గుడ్డు. లోపల పియర్ పండు లాంటి ఆకారం కనిపిస్తుంది.
- కొరడా పురుగు: నిమ్మకాయ ఆకారం, రెండు కొసలకూ బిరడాలు.
- కాక్సీడియా: చాలా చిన్నవి. ఇవి పురుగులు కావు, నట్టల మందుకు పోవు.
- నల్లటి మందపు అంచుతో గుండ్రంగా ఉంటే గాలి బుడగ. మొదటి రోజు వాటినే లెక్కబెట్టాను!

ఆదోని దగ్గర మంద కాసే ఒక మామ నాతో అన్నాడు, "తెల్లగా బియ్యం గింజల్లా పడ్తాండాయి నాయనా, అందుకే చస్తాండాయి." ఆ బియ్యం గింజలు బద్దె పురుగు ముక్కలు. కంటికి కనిపిస్తాయి కాబట్టి భయపడతాం. వాటితో పెద్ద జీవాలకు జరిగే నష్టం తక్కువే. ఆయన మంద పెంటికలు స్లైడ్ మీద పెడితే బద్దె గుడ్లు అక్కడక్కడా ఉన్నాయి, గుండ్రటి నట్టల గుడ్లు మాత్రం నిండా ఉన్నాయి. చంపేది కంటికి కనిపించడం లేదు.

తేలనివి కూడా ఉన్నాయి

తుంగభద్ర దిగువ కాలువ, మనం ఎల్లెల్సీ అంటాం కదా, దాని గట్టున మేపే ఒక రైతు మందలో కూడా దవడ వాపులే. ఉప్పు నీళ్లలో చూస్తే గుడ్లు దాదాపు లేవు. "మంద శుభ్రంగా ఉంది" అని చెప్పేశాను. తప్పు చెప్పాను. కార్జపు జలగ గుడ్డు బరువు, ఉప్పు నీళ్లలో తేలదు. దానికి మామూలు నీళ్లలో పెంటికలు నలిపి, వడగట్టి, పది నిమిషాలు ఆగి, పై నీళ్లు వంపేయాలి. నీళ్లు తేటపడేదాకా ఇట్లాగే చేసి, అడుగున మిగిలినదానిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేయాలి. మిగతాదంతా నీలమైతే జలగ గుడ్డు మాత్రం బంగారు పసుపుగా, ఒక కొసన మూతతో, నట్టల గుడ్డుకు దాదాపు రెట్టింపు సైజులో కనిపిస్తుంది. రెండోసారి పోయి అట్లా చేస్తే దొరికింది. కాలువ నీళ్లలోని నత్తల ద్వారా వచ్చే జలగ అది. దానికి మందు వేరు, మోతాదు వేరు.

మరి నా కషాయం సంగతి?

బతికిన పిల్లలకు అదే కషాయం మళ్లీ పట్టి లెక్కబెట్టాను. ముందు గ్రాముకు 1,600 గుడ్లు, 14 రోజుల తర్వాత 1,550. అంటే ఏమీ తగ్గలేదు. మీ కషాయం పనిచేస్తుందేమో, నాకు తెలీదు. లెక్క చూపిస్తే ఒప్పుకుంటా. డాక్టర్ గారు చెప్పిన మందు వేశాక అవే పిల్లల్లో లెక్క 50కి వచ్చింది.

అంటే అందరూ మూడు నెలలకోసారి మందకంతా మందు పొయ్యమని కాదు. అట్లా పోస్తేనే నట్టలు మందుకు అలవాటు పడతాయి. మందు వేసిన 10–14 రోజులకు గుడ్లు 95 శాతం కన్నా తక్కువ తగ్గితే ఆ మందును అనుమానించాలి. ఇంకో నష్టం మన నేలకు. ఐవర్‌మెక్టిన్ లాంటి మందు పేడలో బయటికొచ్చి పేడపురుగులను దెబ్బతీస్తుంది. చేలో మంద కట్టించుకునేది ఎరువు కోసమే కదా.

ఇప్పుడు నేను చేసేది ఇది. వానాకాలంలో నెలకోసారి పది జీవాల పెంటికలు చూస్తా. లెక్క ఎక్కువున్నవాటికి, కంటి రెప్ప తెల్లబడినవాటికి మాత్రమే డాక్టర్ గారిని అడిగి, బరువు తూచి మందు. చూడి గొర్రెలకు అడగకుండా అల్బెండజోల్ అసలు వేయను. నట్ట పిల్లలు తడి గడ్డి మీదికి పాకుతాయి కాబట్టి మంచు ఆరాకే మందను వదులుతా. మేసిన బీడుకు వెంటనే తోలను.

ప్రకృతి వ్యవసాయం అంటే కళ్లు మూసుకుని నమ్మడం కాదు, నా నాలుగు పిల్లలు అది నేర్పాయి. మీ ఊళ్లో పది మంది కలిసి ఒక మైక్రోస్కోప్ కొనుక్కోండి. స్లైడ్ ఫొటోలు కామెంట్లలో పెట్టండి, ఏ గుడ్డో కలిసి చూద్దాం.