ఒక్క విడత మందు ఎందుకు చాలదు?

"కేన్సర్ రోగికి ఒక విడత మందు ఇప్పించాం కదా, మళ్లీ ఎందుకు?" అని దాతలు అడుగుతుంటారు. జవాబు కణంలోనే ఉంది.

1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ కణితి నుంచి తీసిన హీలా కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. ఇవి సుమారు 24 గంటలకోసారి రెండవుతాయి. అందులో డీఎన్ఏకు నకలు తీసే పని సుమారు 8 గంటలే. దీన్ని ఎస్ దశ అంటారు.

థైమిడిన్ ఎక్కువగా కలిపితే కణాలు నకలు పని మొదట్లోనే ఆగిపోతాయి. దాన్ని కడిగేస్తే మళ్లీ కలిసి కదులుతాయి. అలా ఒకే వరుసలో నడిపించి చూస్తే, నకలుకు సరుకు అందించే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమ్ చురుకుదనం ఎస్ దశలో పెరిగి, కణం విడిపోయాక పడిపోతుంది. పని లేనప్పుడు కణం దాన్ని దాచుకోదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధక బృందం అందించిన మెథోట్రెక్సేట్ దెబ్బతీసేది ఈ వేళలోనే. అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే మరో ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. నకలుకు సరుకు అందక కణం చస్తుంది. ఆ వేళకు నకలు పనిలో లేని కణాలు తప్పించుకుంటాయి. ఒంట్లో కణితి కణాలన్నీ ఒకే వరుసలో నడవవు. అందుకే ఇలాంటి మందులు మళ్లీమళ్లీ ఇస్తారు. మధ్యలో విరామం మంచి కణాలు కోలుకోవడానికి.

జకాత్, సదఖా ఇచ్చే పెద్దలకు విన్నపం: ఇద్దరికి చెరో విడత ఇప్పించి ఆగడంకన్నా, ఒకరికి మొదలైన వైద్యం పూర్తయ్యేదాకా, దారి ఖర్చులతో సహా, తోడు నిలవండి.