గాలి ఆపేస్తే సేఫ్ అనుకుంటున్నారా..? కంట్రోల్ వాల్వ్ విప్పేటప్పుడు అసలు ప్రమాదం స్ప్రింగ్‌తోనే!

ఎయిర్ లైన్ కట్ చేశారు. గేజ్ చూస్తే సున్నా. ఇంకేముంది, స్పానర్ పెట్టి బోల్టులు విప్పేయొచ్చు అనుకుంటారు చాలామంది. కంట్రోల్ వాల్వ్ యాక్చుయేటర్ విషయంలో పొరపాటు సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. గాలి పోయినా లోపల స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది. కవర్ ఒక్కసారిగా ఎగిరితే.. దాని దారిలో ఉండేది ఫిట్టర్ ముఖమే.

విశాఖ రిఫైనరీ, పరవాడ ఫార్మా సిటీ, రామగుండం థర్మల్ ప్లాంట్.. ఎక్కడికెళ్లినా ఈ వాల్వులు కనిపిస్తాయి. పైపులో ఆవిరి, నీళ్లు, యాసిడ్.. ఏది ఎంత వెళ్లాలో చూసేది ఇవే. వాల్వు నెత్తిన రెండు పళ్లేలు ఎదురెదురుగా మూసినట్టు ఉండేదే యాక్చుయేటర్. మధ్యలో డయాఫ్రమ్ అనే రబ్బరు పొర. దానికి ఒకవైపు గాలి, రెండోవైపు స్ప్రింగ్. గాలి నెడితే వాల్వు కదులుతుంది. గాలి పోతే స్ప్రింగ్ మళ్లీ పాత చోటికి తెస్తుంది. కంప్రెసర్ ఆగిపోయినప్పుడు ప్లాంట్‌ను కాపాడేది ఈ స్ప్రింగే. విప్పే మనిషికి ప్రమాదమూ దీనితోనే.

ఎంత బలం ఉంటుందో చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది. చాలా వాల్వులు 3 నుంచి 15 పీఎస్ఐ గాలితో పనిచేస్తాయి. డయాఫ్రమ్ వైశాల్యం 100 చదరపు అంగుళాలు అనుకుందాం. అంటే దాదాపు అడుగు వెడల్పు. 3 పీఎస్ఐ దగ్గర వాల్వు కదలడం మొదలైందంటే, గాలి అసలు లేనప్పుడు కూడా స్ప్రింగ్ 300 పౌండ్ల బలంతో, అంటే సుమారు 136 కిలోలతో నెడుతున్నట్టే. మూడు బియ్యం బస్తాలకు కాస్త తక్కువ! 15 పీఎస్ఐ దగ్గరైతే అది 680 కిలోలు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గాలి తీసేశాక స్టెమ్ పక్కనున్న ట్రావెల్ సూచికను చూడాలి. గాలి పోతే మూసుకోవాల్సిన వాల్వు ఇంకా తెరిచే ఉందంటే ఎక్కడో జామ్ అయినట్టే. అప్పుడు స్ప్రింగ్‌లో పూర్తి బలం అలాగే ఉండిపోతుంది. అలాంటి వాల్వు మీద సుత్తి పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. కొన్నిటికి లాకప్ వాల్వు, ఎయిర్ ట్యాంకు ఉంటాయి. సప్లై ఆపినా వాటిలో గాలి మిగులుతుంది. దాన్నీ బయటికి వదలాలి.

అంతకంటే ముందు లైన్ సంగతి. కంట్రోల్ రూమ్‌కు చెప్పి, పర్మిట్ తీసుకుని, వాల్వుకు రెండువైపులా ఐసోలేషన్ వాల్వులు మూసి తాళం వేయాలి. మధ్యలో మిగిలిన ప్రెషర్‌ను డ్రెయిన్ చేయాలి. లేదంటే, స్ప్రింగ్ పట్టుకుని ఉన్న ప్లగ్ యాక్చుయేటర్ తీయగానే పైకి లేస్తుంది.

విప్పే పద్ధతి మోడల్‌ను బట్టి మారుతుంది, కాబట్టి కంపెనీ మాన్యువల్ చేతిలో ఉండాల్సిందే. స్ప్రింగ్ అడ్జస్టర్ ఉంటే ముందు దాన్ని పూర్తిగా వదులు చేయాలి. కేసింగ్ చుట్టూ ఉన్న బోల్టుల్లో కొన్ని మిగతావాటి కంటే పొడవుగా కనిపిస్తే అవి ఊరికే పెట్టినవి కాదు. పొట్టివి ముందు తీసేయాలి, పొడుగువి చివరికి ఉంచాలి. వాటి నట్లను ఒక్కొక్కటి కొద్దికొద్దిగా, సమానంగా తిప్పుతూ పోతే స్ప్రింగ్ నెమ్మదిగా సాగి బలం కోల్పోతుంది. ఒకవైపే విప్పుకుంటూ పోతే కవర్ వంకర తిరుగుతుంది. పని జరుగుతున్నంతసేపూ తల కవర్‌కు పైన ఉండకూడదు. పెద్ద స్కాచ్ యోక్ రకాల్లో సీల్ చేసిన స్ప్రింగ్ డబ్బానైతే సైట్‌లో అసలు తెరవకూడదు.

లారీ మెకానిక్‌లకు ఇది కొత్త కాదు. ఎయిర్ బ్రేక్ స్ప్రింగ్ చాంబర్‌లోనూ ఇదే సూత్రం. అందుకే కేజింగ్ బోల్టు బిగించకుండా దాని జోలికి పోరు.

లోపల చూడాల్సినవి తక్కువే. డయాఫ్రమ్ మీద పగుళ్లు, స్టెమ్ మీద గీతలు, గట్టిపడిన ఓ-రింగులు, స్ప్రింగ్‌కు పట్టిన తుప్పు. చాలామంది వదిలేసేది వెంట్ రంధ్రం. దుమ్మో, కందిరీగ గూడో పట్టి అది మూసుకుపోతే కొత్త డయాఫ్రమ్ వేసినా వాల్వు మొరాయిస్తుంది. గాలిలో నీళ్లు వస్తుంటే ఫిల్టర్ రెగ్యులేటర్ డ్రెయిన్ చేయాలి.

తిరిగి బిగించేటప్పుడు ఎదురెదురు బోల్టులు బిగించుకుంటూ రావాలి. తర్వాత గాలి పెట్టి, అంచులకు సబ్బు నీళ్లు రాస్తే లీకు ఉన్నచోట బుడగలు వస్తాయి. చివరగా పొజిషనర్‌కు 4, 8, 12, 16, 20 మిల్లీ యాంప్స్ ఇచ్చి, వాల్వు 0, 25, 50, 75, 100 శాతం దగ్గర ఆగుతోందో లేదో చూడాలి. గాలి తీసేస్తే వాల్వు తన సేఫ్ పొజిషన్‌కు తనంతట తానే రావాలి. ఇది చూసుకున్నాకే తాళాలు తీసి పర్మిట్ క్లోజ్ చేయాలి.