వార్తల్లో పదం: మఫ్టీ అరెస్ట్

యూనిఫాం లేకుండా మామూలు దుస్తుల్లో వచ్చిన పోలీసులు ఒకరిని అరెస్టు చేయడమే మఫ్టీ అరెస్ట్. చట్టం దీన్ని నిషేధించలేదు. కానీ వచ్చిందెవరో తెలియాలంటోంది.

ఆ చట్టమే భారతీయ నాగరిక సురక్షా సంహిత; 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. దాని 36వ సెక్షన్ ప్రకారం, అరెస్టు చేసే ప్రతి పోలీసు అధికారీ తన పేరు స్పష్టంగా కనిపించేలా గుర్తింపు ధరించాలి. మఫ్టీకి అందులో మినహాయింపు లేదు. అరెస్ట్ మెమో కూడా రాయాలి. దానిపై కుటుంబసభ్యులో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. అరెస్టయిన వ్యక్తి సంతకమూ ఉండాలి. సుప్రీంకోర్టు 1996లో డి.కె.బసు కేసులో ఇచ్చిన మార్గదర్శకాలే వీటికి మూలం.

ముందే గుర్తింపు బయటపడితే నిందితుడు జారుకుంటాడని, సిబ్బందికీ ముప్పని ఒక వాదన. పేరే తెలియకపోతే అరెస్టుకూ కిడ్నాప్‌కూ తేడా ఎలా తెలుస్తుందన్నది ఎదురు ప్రశ్న. సెక్షన్ మాత్రం అరెస్టు చేసే సమయం గురించే చెబుతుంది; అంతకుముందు సాగే నిఘా గురించి కాదు.

మెమోలో వేసే తేదీ, సమయం కీలకం. అరెస్టయిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణ చెబుతోంది. ఆ గడువు లెక్కకు ఈ కాగితమే ఆధారం. అందుకే ఇంటికి మఫ్టీలో ఎవరైనా వస్తే పేరు, స్టేషన్, అరెస్టుకు కారణం అడగవచ్చు. మెమో చదివాకే సంతకం చేయాలి.