సంజెచీకట్లో తడబడే పిల్లలు

తల్లులారా, సంజెవేళ పిల్లవాడు గడప తగిలి పడితే "చూసి నడవరా" అని కసురుకుంటాం. ఆ తడబాటు అల్లరి కాకపోవచ్చు. విటమిన్ 'ఎ' లోపానికి తొలి గుర్తయిన రేచీకటి కావచ్చు.

నగరాల్లోని ఇరుకు బస్తీలలో ఈ ప్రమాదం ఎక్కువ. విరేచనాలు, తట్టు అక్కడ ఒక బిడ్డ నుండి మరొక బిడ్డకు త్వరగా సోకి, ఒంట్లో ఉన్న కాస్త విటమిన్‌ను కూడా హరిస్తాయి. వీధిదీపాల వెలుగులో రేచీకటి సులువుగా బయటపడదు.

దీనిని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఆరోగ్య కార్యకర్త తల్లిని అడిగే మొదటి ప్రశ్న ఇది: "పగలు బాగా చూసే మీ బిడ్డ చీకటి పడితే తడుముకుంటున్నాడా?" తరువాత టార్చిలైటుతో కన్ను చూస్తారు. తెల్లగుడ్డు మీద, చెవి వైపున సబ్బునురుగు వంటి మచ్చ ఉంటే అది బైటాట్ మచ్చ. రెండు నుండి ఐదేళ్ల పిల్లల్లో నూటికి ఒక్కరికి రేచీకటి ఉన్నా అది ఆ ప్రాంతమంతటి సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం. అందుకే అంగన్‌వాడీకి రాని పిల్లలను కూడా ఇంటింటికీ వెళ్లి చూడాలి.

నల్లగుడ్డు ఎండి మెత్తబడి పాడైతే పోయిన చూపు తిరిగి రాదు. ముందే కనిపెడితే మందుతో రేచీకటి కొద్దిరోజుల్లోనే తగ్గుతుంది.

మన దేశంలో 1970 నుండి పిల్లలకు విటమిన్ 'ఎ' మందు ఇచ్చే కార్యక్రమం ఉంది. తొమ్మిది నెలలు నిండాక లక్ష యూనిట్లు, పదహారవ నెల నుండి ఐదేళ్ల వరకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు ఇస్తారు. మోతాదు మించితే హాని గనుక సొంతంగా వేయకండి.

మునగాకు, తోటకూర, బొప్పాయి, గుడ్డు పెట్టండి. కూరలో కాస్త నూనె ఉంటేనే ఈ విటమిన్ ఒంటబడుతుంది.

ఈ సాయంత్రం దీపం వేయకముందే మీ బిడ్డ నడకను ఒక్కసారి గమనించండి.