మంచునేలపై వెచ్చని గుడారము

గుడారమనగానే మనకు మొదట స్ఫురించునది నీడ. మన దేశమున ఎండ మిక్కుటము. కనుక సర్కసు డేరాయైనను, ఎన్.సి.సి. శిబిరములోని గుడారమైనను, పెండ్లింటి ముందటి షామియానాయైనను, ఎండను ఆపి గాలిని రానిచ్చుటకే ఏర్పడినవి. 1687లో గోలకొండను ముట్టడించిన మొగలు సైన్యము నెలల తరబడి డేరాలలోనే కాపురముండెను. అరబ్బీ నుండి వచ్చిన ఖైమా అను పదమును ఉర్దూవారు గుడారమునకు వాడుదురు. గుడారములు కుట్టువాడు ఖయ్యాము. పారసీక కవి ఒమర్ ఖయ్యాము పేరునకు అర్థమిదియే. ఇంతటి పరిచయము గల వస్తువే యైనను, గుడారమునకు మనమెరుగని మరియొక రూపము కలదు.

శీతకాలమున నేలయంతయు మంచుతో కప్పబడి, ఉష్ణోగ్రత సున్నకు దిగువ 30 డిగ్రీల వరకు పడిపోవు దేశములలో గుడారము లోపలనే ఇనుప పొయ్యి వెలిగింతురు. దాని పొగగొట్టము గుడ్డలో అమర్చిన రంధ్రము గుండా బయటికి పోవును. దీనిని ఆంగ్లమున హాట్ టెంట్ అందురు. మనము వెచ్చని గుడారమని చెప్పుకొనవచ్చును. కెనడాలో ఆంటారియో రాష్ట్రమునందు 1893లో ఏర్పడిన ఆల్గాంక్విన్ ఉద్యానవనములోను, అమెరికాలోని మిన్నెసోటా సరస్సుల ప్రాంతమునను, గడ్డకట్టిన నీటిమీద పొడవైన చెక్కబండ్లను లాగుకొనుచు పోయి, ఇట్టి గుడారములలో రాత్రులు గడపు యాత్రికులు నేటికిని కలరు. చదువులకును ఉద్యోగములకును ఆ దేశములకు పోవు తెలుగు యువకులు పెక్కుమంది. వారిలో కొందరికైనను ఇట్టి యాత్రకు పిలుపు రాకమానదు. అట్టి గుడారమును ఎట్లు ఎంచుకొనవలెను, ఎట్లు వాడవలెను అను విషయమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి. చెప్పబోవు విషయములన్నింటికి మూలసూత్రమొక్కటే: చలిని తప్పించుకొనుటకై గాలిని మూసివేయరాదు.

ఈ గుడారము ఒకనాడు వినోదమునకు పుట్టినది కాదు. ఉత్తర అమెరికా మైదానములలోని ఆదివాసులు టీపీ అను శంఖాకారపు తోలు గుడారము నడుమ నిప్పు వేసికొని, శిఖరమునగల సందు గుండా పొగను పోనిచ్చుచుండిరి. దానిని చూచి హెన్రీ హాప్కిన్స్ సిబ్లీ అను అమెరికా సైనికాధికారి ఒక కాన్వాసు గుడారమును రూపొందించి 1856లో పేటెంటు పొందెను. 12 అడుగుల ఎత్తును 18 అడుగుల వ్యాసమును గల ఆ గుడారమున పన్నెండుగురు సుఖముగా నిద్రింపవచ్చును. రేకుతో చేసిన గరాటు వంటి పొయ్యియు ఆయన పేరుననే ప్రసిద్ధి పొందినది. తరువాత 1896లో కెనడా వాయవ్యమునందు క్లాండైక్ నదీప్రాంతమున బంగారము బయల్పడగా, వేలకొలది జనులు ఆ చలినేలకు పరుగిడిరి. ఏడాదికి సరిపడు ఆహారము వెంటలేనివానిని కెనడా పోలీసులు సరిహద్దు దాటనీయలేదు. ఆ ఆహారముతోపాటు వారు మోసికొనిపోయిన వానిలో కాన్వాసు గుడారమును రేకు పొయ్యియు ముఖ్యములు. లాబ్రడార్ ప్రాంతపు ఇన్నూ ప్రజలు నూలు గుడారములో ఫర్ చెట్ల లేత కొమ్మలను ఒత్తుగా పరచి, చిన్న రేకు పొయ్యి వెలిగించుకొని నివసించు పద్ధతిని అలవరచుకొనిరి. వారికది యాత్ర కాదు, జీవనము.

నేడు నైలాను వంటి తేలికైన బట్టలు దొరకుచుండగా నూలు కాన్వాసే యేల అను ప్రశ్న కలుగును. దీనికి సమాధానము వేడిలో లేదు, తేమలో ఉన్నది. మనుజుడు నిద్రించునపుడు శ్వాస వలనను చర్మము వలనను ఒక్క రాత్రిలో పావు లీటరునకు తక్కువ కాని నీటిని ఆవిరిగా విడుచును. దానికి తోడు వంటపాత్రల ఆవిరియు, ఆరవేసిన మేజోళ్ళ తడియు చేరును. ఆవిరిని పోనీయని బట్టకు ఇదంతయు లోపలివైపు అంటుకొని మంచుగా గడ్డకట్టి, తెల్లవారి పొయ్యి వెలిగింపగనే చినుకులై పడకమీద రాలును. తడిసిన ఉన్ని గాని ఈకల దుప్పటి గాని మునుపటివలె వెచ్చదనమును నిలుపలేదు. చలి దేశమున తడియే మొదటి శత్రువు. నూలుబట్ట అట్లు కాదు. దాని పోగుల నడుమనున్న సన్నని సందుల గుండా ఆవిరి వెలికి పోవును. వాన తగిలినపుడు అవే పోగులు నీరు పీల్చి ఉబ్బి, సందులను తామే మూసికొనును. నిప్పురవ్వ పడినచో నైలాను కరగి పెద్ద రంధ్రమగును. నూలుబట్ట పలుమారు చిన్న మచ్చతో సరిపెట్టుకొనును. అయినను నూలు కూడ మండునదేనని మరువరాదు. మంటను తట్టుకొను మందు పూసిన కాన్వాసు దొరకును గాని, దాని బరువు కొంత హెచ్చు.

బట్ట మందమును చదరపు గజమునకు ఎన్ని ఔన్సులను లెక్కతో చెప్పుదురు. వారముల తరబడి ఒకేచోట నిలుపు గుడారమునకు 10 ఔన్సులు మొదలు 12 ఔన్సుల వరకు గల దళసరి కాన్వాసు తగును. పది ఔన్సులనగా చదరపు మీటరునకు సుమారు 340 గ్రాములు. ప్రతిదినము విప్పి, లాగుకొనిపోయి, మరల నిలుపువారికి ఇది భారము. వారు దగ్గరి నేత గల సన్నని నూలుబట్టను కోరుకొందురు. దాని బరువు దళసరి దానిలో ఇంచుమించు సగము. కొత్త గుడారమును యాత్రకు ముందే ఇంటివద్ద నిలిపి, ఒకటి రెండుసార్లు బాగుగా తడిపి ఆరనీయవలెను. అట్లు చేసినచో దారము ఉబ్బి, కుట్టు రంధ్రములు పూడుకొనును.

ఆకారములు ముఖ్యముగా రెండు. ఇంటివలె వాలు కప్పును నిలువు గోడలును గలది మొదటిది. ఇందు లేచి తిరుగుటకు, బట్టలు ఆరవేయుటకు చోటు ఎక్కువ. నిలుపుటకు కర్రలును పనియు కూడ ఎక్కువే. నడుమ ఒకే స్తంభముపై నిలుచు శంఖాకారపుది రెండవది. ఇది త్వరగా నిలుచును, గాలిని చక్కగా తట్టుకొనును. కాని అంచులవద్ద తలయెత్తి కూర్చుండుటకు వీలుపడదు. పరిమాణమున మితము పాటించుట మేలు. పొయ్యితో సహా ఇద్దరికి 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు చాలును. చోటు పెరిగిన కొలది కట్టెలు కొట్టు శ్రమయు పెరుగును.

ఇక పొయ్యి సంగతి. పలుచని ఉక్కు రేకు పొయ్యి తేలిక. త్వరగా కాగును, త్వరగా చల్లారును. మందపు రేకుది బరువైనను వేడిని కొంతసేపు నిలుపుకొనును. ఏదైనను మూడు విషయములను పరీక్షింపవలెను. తలుపు బిగువుగా మూతపడవలెను. పొగగొట్టపు ముక్కలు ఒకదానిలో ఒకటి గట్టిగా కూర్చొనవలెను. గొట్టము కొస గుడారపు శిఖరమును మించి పైకి ఉండి, దానిపై రవ్వలను ఆపు జల్లెడ ఉండవలెను. ఆ జల్లెడకు మసి పట్టి పొగ వెనుకకు మళ్ళును గనుక దానిని తరచుగా దులుపుచుండవలెను. గొట్టము గుడ్డను దాటుచోట నూలుబట్ట తగులరాదు. అందుకొరకు సిలికోను పూసిన గాజుపోగు గుడ్డను అమర్తురు. పొయ్యికిని గోడకును, పొయ్యికిని పడకకును తగినంత ఎడముండవలెను.

గుడారమును నిలుపునపుడు మంచు కొమ్మలు వ్రేలాడు చెట్ల క్రిందను, ఎండిన మ్రాకుల దాపునను చోటు ఎంచుకొనరాదు. కొమ్మ విరిగినచో గుడారమును దానిలోని మనుష్యులును నిలువరు. మెత్తని మంచును పాదరక్షలతో త్రొక్కి, అరగంటయైనను గట్టిపడనిచ్చి, పిదప గుడారమును ఎత్తవలెను. మంచులో మేకులు నిలువవు. కనుక త్రాటిని ఒక కర్రదుంగకు కట్టి, ఆ దుంగను అడ్డముగా మంచులో పాతిపెట్టి త్రొక్కుదురు. కొంతసేపటికి అది రాయివలె బిగియును. పొయ్యి క్రింద రెండు పచ్చి దుంగలను వేయవలెను. లేనిచో వేడికి మంచు కరగి పొయ్యి ఒక ప్రక్కకు ఒరగి, గొట్టపు అతుకులు విడిపోవును. కట్టెల కొరకు నేలపై పడి తడిసిన మాను కంటె నిలువుననే ఎండిన సన్నని మాను శ్రేష్ఠము.

మరియొక సంగతి. కాన్వాసు ఆవిరిని పోనిచ్చును గాని వేడిని నిలుపలేదు. పొయ్యి ఆరినచో కొద్దిసేపటిలోనే లోపలి చలి వెలుపలి చలితో సమానమగును. అందుచేత పొయ్యి ఉన్నదను ధైర్యముతో పలుచని దుప్పటి తీసికొనిపోవుట ప్రాణముతో చెలగాటమాడుటయే. నిప్పు లేకున్నను రాత్రి గడచునట్టి పడక వెంట నుండవలెను. పొయ్యి పని ముఖ్యముగా బట్టలు ఆర్చుటయు, వండుటయు, సాయంకాలమును ఉదయమును శరీరమును సేదదీర్చుటయు.

ఇప్పుడు వ్యాసమునకు కీలకమైన విషయమునకు వచ్చుచున్నాము. చలి పెరిగినపుడు మనుష్యుడు సహజముగా చేయు పని ప్రతి సందును మూయుట. కాని పొయ్యి లోపలి గాలిని పీల్చి గొట్టము గుండా వెలికి పంపును. లోనికి వచ్చు గాలి లేనిచో మంట కుంటుపడును, పొగ తిరిగి లోనికి మళ్ళును. గాలి చాలని నిప్పు నుండి కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు పైగా గాఢముగా పట్టుకొనును. మొదట తలనొప్పి, పిదప తల తిరుగుట, వికారము, మగత కలుగును. నిద్రలో నున్నవానికి ఈ హెచ్చరికలైనను తెలియవు. రాత్రంతయు నిప్పు నిలువవలెనని పొయ్యి నిండ కట్టెలు కూరి, గాలి ద్వారమును పూర్తిగా మూసి పడుకొనుట కొందరి అలవాటు. మంట లేక కుములు నిప్పే ఎక్కువ విషమును విడుచును. కనుక ఈ అలవాటు మిక్కిలి ప్రమాదకరము.

అనుభవజ్ఞులు సైతము ఈ ప్రమాదమునకు అతీతులు కారు. అమెరికా నౌకాదళాధికారి రిచర్డ్ బర్డ్ 1934లో అంటార్కిటికా మంచులో పాతిన ఒక చిన్న కుటీరమున శీతకాలమంతయు ఒంటరిగా గడపబూనెను. అక్కడి పొయ్యి వలనను, యంత్రపు పొగ వలనను ఈ విషవాయువు లోపల చేరి, ఆయన నెలల తరబడి మంచము పట్టెను. పొయ్యి ఆర్పినచో చలి, వెలిగించినచో విషము! ఆగస్టులో సహచరులు చేరుకొనువరకు ఆయన ఈ రెంటి నడుమ నలిగెను. ఈ కథనే ఆయన 1938లో ఎలోన్ అను గ్రంథముగా ప్రకటించెను.

కనుక క్రిందుగా ఒకటి, శిఖరమునకు చేరువగా ఒకటి, కనీసము రెండు గాలి ద్వారములున్న గుడారమునే కొనవలెను. ఎంత చలియైనను వానిని మూయరాదు. రాత్రి మంచు కురిసి క్రింది ద్వారము పూడుకొనినచో లేచి తొలగింపవలెను. విషవాయువును పసిగట్టి మ్రోగు చిన్న యంత్రము ఇప్పుడు అంగళ్ళలో దొరకును. దాని బ్యాటరీ చలికి నీరసించును గనుక ముందుగా పరీక్షించి చూడవలెను. ఎవరికి తలనొప్పి తోచినను అందరును వెంటనే బయటికి రావలెను, వైద్యసహాయము కోరవలెను. ఫిన్లాండు సైన్యములోని ఆచారము ఈ సందర్భమున స్మరణీయము. ఇరువది మంది నిద్రించు గుడారములో నిప్పు ఉన్నంతసేపు ఒక్కడు మేలుకొని కాపలా యుండును. వంతు ముగియగనే మరియొకనిని లేపును. నిప్పును ఒంటరిగా విడిచి ఎవరును నిద్రింపరు.

ఈ పాఠము దూరదేశములకే పరిమితమనుకొనరాదు. మన లంబసింగిలోను అరకులోను శీతకాలమున ఉష్ణోగ్రత బాగుగా పడిపోవును. విహారమునకు పోవు విద్యార్థులు అచ్చట డేరాలలో రాత్రి గడపుట ఇప్పుడు పరిపాటి. ఆ డేరాలు పొయ్యి కొరకు చేసినవి కావు. వానికి పొగగొట్టము లేదు. చలికి ఓర్వలేక బొగ్గుల కుంపటిని లోనికి తెచ్చుకొని జిప్పు బిగించుకొనినచో, ఎర్రని నిప్పు పొగ లేకుండ మండుచున్నట్లే కనబడును. విషము మాత్రము కనబడదు. తలుపులు బిడాయించిన గదిలోని కుంపటియు ఇట్టిదే. బాలింత గదిలో కుంపటి పెట్టు మన పెద్దలకును ఈ మాట చెప్పవలసి యున్నది.

యాత్ర ముగిసిన పిదప గుడారమును పూర్తిగా ఆరబెట్టనిదే మడవరాదు. తడి నూలుకు కొద్ది దినములలోనే బూజు పట్టి పోగు చివికిపోవును. ఆరబెట్టి, దులిపి, పొడి చోట భద్రపరచినచో కాన్వాసు గుడారము ఏండ్ల తరబడి నిలుచును. మంచి గుడారము చలిని పూర్తిగా జయింపదు. దానితో ఒప్పందము కుదుర్చుకొనును. ఆ ఒప్పందమున కొంత చలిగాలిని లోనికి రానిచ్చుట మన వంతు. ఆ కొంచెపు చలియే మనలను తెల్లవారి కన్ను తెరవనిచ్చును.